మగ్గం లెక్కకు అందని రాట్నం

పొందూరు ఖద్దరు గొప్పతనం చెప్పేటప్పుడు మనం సాధారణంగా కట్టినవాళ్ల పేర్లు చెబుతాం. గాంధీ మెచ్చిన బట్ట అంటాం, అక్కినేని నాగేశ్వరరావు కట్టిన పంచె అంటాం. కాస్త తెలిసినవాళ్లయితే నేతగాళ్ల గురించి చెబుతారు. నూలు వడికినవాళ్ల దాకా మాట రావడం అరుదు. శ్రీకాకుళం జిల్లాలోని ఈ ఊరి బట్టకు పేరు తెచ్చింది మాత్రం ముందుగా నూలే. నూరో నెంబరు నూలును, అంతకన్నా సన్నని నూలును ఒంటి కదురు రాట్నం మీద తీయగల చేతులు దేశంలో చాలా తక్కువ చోట్ల మిగిలాయి. ఆ చేతులు దాదాపు అన్నీ ఆడవాళ్లవి, అందులోనూ ఎక్కువగా పట్టుసాలి కుటుంబాల స్త్రీలవి. పని చోట సమానత ఉండాలని, అందరికీ చోటుండాలని, పెద్దలు జవాబుదారీగా ఉండాలని ఈమధ్య కంపెనీలూ ప్రభుత్వ కార్యాలయాలూ తరచు అంటున్నాయి. ఆ మూడింటికీ ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది: ఎవరిని పనివాళ్లుగా రాసుకుంటున్నాం? రాసుకోనివాళ్ల కూలి ఎక్కువా తక్కువా అని తేల్చలేం, వాళ్లకు జవాబు చెప్పాల్సింది ఎవరో కూడా తేల్చలేం. పొందూరు రాట్నం చరిత్రను మొదటి నుంచీ చూస్తే, అక్కడి అన్యాయం ఎవరో ఒకరి చెడ్డతనం వల్ల పుట్టింది కాదని, లెక్క రాసే పద్ధతిలోనే ఉందని తెలుస్తుంది.

ముందుగా పని ఎలా జరుగుతుందో చూడాలి. కూలి తగువంతా ఆ వివరాల్లోనే ఉంది. కొండపత్తి, పునాస పత్తి, ఎర్రపత్తి ఇక్కడ వాడే రకాలు. గింజతో ఉన్న పత్తిని మొదట వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడ నిండా సూదిమొనల్లాంటి చిన్న చిన్న పళ్లుంటాయి. వాటితో నెమ్మదిగా లాగితే చెత్తా చెదారం రాలిపోయి, పోగులన్నీ ఒకే దిక్కుకు సర్దుకుంటాయి. కొద్దిరోజులకు పళ్లు అరిగిపోతాయి, మళ్లీ కొత్త దవడ కావాలి. అది గోదావరి వైపు నుంచి రావాలి. దువ్విన పత్తిని పలక మీద పెట్టి సన్నని ఇనుప కడ్డీ దొర్లిస్తే గింజ పక్కకు జారుతుంది. ఆ దూదిని చిన్న వింటితో ఏకి, ఏకులుగా చుట్టి, చేతి చెమ్మ తగలకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టుకుంటారు. ఇంత జరిగాక గాని రాట్నం ముందు కూర్చోరు. వడికిన నూలును చిలపలుగా చుట్టి ఇస్తారు. నూరో నెంబరు నూలు కిలో బరువు తూగాలంటే దాదాపు 170 కిలోమీటర్ల పొడవు దారం వడకాలి. శ్రీకాకుళంలో బయలుదేరి విశాఖపట్నం మీదుగా అనకాపల్లి దాటిపోయేంత దూరం అది. ఆ పొడవంతా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచే సాగాలి. కూలి మాత్రం చిలపకే. దువ్విన గంటలు, గింజ తీసిన గంటలు, ఏకిన గంటలు ఆ రేటులోనే కలిసిపోతాయి. కొలతకు అందేది నూలు గనుక నూలుకే కూలి కట్టారు. నూలుకు ముందున్న పని కొలతకు అందలేదు గనుక పనిగానే కనిపించలేదు.

ఈ కనిపించకపోవడం ఖద్దరు ఉద్యమం కన్నా చాలా పాతది. చికాకోలు, అంటే నాటి శ్రీకాకుళం, మస్లిన్లకు 19వ శతాబ్దంలో మంచి పేరుండేది. అప్పటి గంజాం జిల్లాలో భాగమైన ఈ ప్రాంతపు సన్నబట్టల గురించి ఇంగ్లీషు అధికారులు మెచ్చుకుంటూ రాశారు. అంతకు ముందు, 17వ శతాబ్దం చివర నుంచే విశాఖపట్నంలో స్థావరం పెట్టుకున్న ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల బట్టను ఓడలకెక్కించింది. కంపెనీ నేతగాళ్లకు బయానా ఇచ్చేది, బట్ట నాణ్యం కట్టేది, నాసిరకమని తోసేసేది, గుమాస్తాలను పెట్టి నిఘా వేసేది. నేతగాళ్లు ఊరకే పడి ఉండలేదు. అర్జీలు పెట్టారు, మగ్గాలు ఆపారు, ఊళ్లు వదిలి పోయారు. 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట ఉత్తర కోస్తాలో జరిగిన ఈ ఆందోళనల మీద పి. స్వర్ణలత చేసిన పరిశోధన చూస్తే, నేతగాడు కంపెనీ కాగితాల్లో ఎంత బలంగా మాట్లాడాడో తెలుస్తుంది. అతను మాట్లాడగలిగింది బయానా తీసుకున్నాడు గనుక, పుస్తకంలో అతని పేరు ఉంది గనుక. బాకీ ఉన్నవాడికి బాధ్యత ఉన్నట్టే, ఫిర్యాదు చేసే దారి కూడా ఉంది. నూలు వడికిన స్త్రీకి కంపెనీతో నేరుగా సంబంధం లేదు. ఆమె నూలు సంతలో అమ్ముడయ్యేది. కొన్నవాడెవడో, ధర ఎందుకు తగ్గిందో అడగడానికి ఎదుట మనిషే లేడు. అదే బట్ట, అదే వ్యాపారం, కాని అన్యాయం జరిగిందని చెప్పుకునే అవకాశం ఒకరికి ఉంది, ఇంకొకరికి లేదు.

ఈ తేడా ఎంత దూరం పోయిందో మిల్లు నూలు వచ్చాక బయటపడింది. 1813లో కంపెనీ వర్తక గుత్తాధికారం పోయింది, 1833లో దాని వ్యాపారమే ముగిసింది. ఆ తర్వాత లాంకషైర్ నూలు తెలుగు సంతల్లోకి వచ్చింది. మిల్లు నూలు వల్ల నేతగాళ్లకు ఎంత నష్టం జరిగింది, కొందరికి లాభం కూడా జరిగిందా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. వడికేవాళ్ల విషయంలో వాదనకు చోటే లేదు. నేతగాడు చవక నూలు కొనుక్కుని మగ్గం నడుపుకోగలిగాడు. వడికే ఆడవాళ్ల ఆదాయం ఊరూరా ఆగిపోయింది. ఏ జిల్లాలో ఎందరు ఎంత నష్టపోయారో ఆ కాలంలో ఎవరూ సరిగా లెక్క కట్టలేదు. ఇంటి అరుగు మీద జరిగే పనిని ఎవరూ వృత్తిగా చూడలేదు గనుక, అది పోయినప్పుడు ఉపాధి పోయిందని కూడా ఎవరూ అనలేదు. పొందూరు చుట్టుపక్కల మాత్రం మిల్లు నూలుకు లేని గుణం వీళ్ల నూలుకు ఉండటం వల్ల రాట్నం నిలబడింది. 1920ల మొదట్లో ఈ బట్ట సంగతి విని గాంధీ తన కొడుకు దేవదాసును పంపాడు. ఆ తర్వాత యంగ్ ఇండియా పత్రికలో పొందూరు పేరు వచ్చింది. అంటే ఖద్దరు ఉద్యమం ఇక్కడికి రాట్నం తేలేదు. ఉన్న రాట్నానికి బజారు తెచ్చింది, దేశభక్తి గౌరవం తెచ్చింది.

ఆ గౌరవంలోనే ఒక చిక్కు ఉంది. 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం దేశంలో 20 లక్షల రాట్నాలు తిప్పించాలని తీర్మానించింది. 1925లో పాట్నాలో ఆలిండియా స్పిన్నర్స్ అసోసియేషన్, మన వాడుకలో చరఖా సంఘం, పుట్టింది. ఆ సంఘంలో మొదటి తరగతి సభ్యత్వం కావాలంటే ఖద్దరు కట్టాలి, నెలకు వెయ్యి గజాలు స్వయంగా వడికిన నూలు చందాగా ఇవ్వాలి. దేశం కోసం వడికేవాళ్లకు ఇది తగిన నియమమే. కాని కడుపు కోసం వడికే స్త్రీ, సంఘం పేరులోనే ఉన్న స్త్రీ, ఆ లెక్కన సభ్యురాలు కాదు. ఆమె సంఘం సేవ చేయవలసిన పేదరాలు. ఆమె కూలిని కూడా ఆ దృష్టితోనే చూశారు. ఖాళీ సమయంలో వచ్చే నాలుగు కానులు, ఏమీ లేకపోవడం కన్నా మేలు అన్నది మొదటి పదేళ్ల వాదన. ఖద్దరు చవకగా ఉండాలి, చవకగా ఉండాలంటే వడికే కూలి తక్కువగా ఉండాలి, అది ఎలాగూ ఖాళీవేళ పనే గనుక తప్పు లేదు. మంచి ఉద్దేశంతో మొదలైన ప్రతి సంస్థకూ ఈ ప్రమాదం ఉంటుంది. సేవ చేస్తున్నామనుకున్నచోట బాకీపడ్డామన్న ఆలోచన రాదు.

ఈ వాదనను లోపలి నుంచే తిప్పికొట్టింది గాంధీయే. 1935లో ఆయన హరిజన్ పత్రికలో, సంఘం సమావేశాల్లో గట్టిగా ఒక మాట పట్టుకున్నాడు. ఖద్దరు ఉద్యమం పేదలను ఉద్ధరిస్తున్నానంటూనే వాళ్లకు అతి తక్కువ కూలి ఇస్తోందని, ఎనిమిది గంటల నిండు పనికి ఎనిమిది అణాలు అందాలని, వడికినా నేసినా గంట పని గంట పనేనని ఆయన అన్నాడు. కార్యకర్తలు కంగారు పడ్డారు. ధర పెరిగితే ఎవరు కొంటారు? సరుకు పేరుకుపోతే వడికేవాళ్లనే మానిపించాలి కదా? ఇవి బాధ్యత గల మనుషులు, దుకాణాల లెక్కలు చూసేవాళ్లు వేసిన ప్రశ్నలు. అయినా అదే ఏడాది అక్టోబరులో వార్ధాలో సంఘం కౌన్సిల్ తీర్మానం చేసింది. ఎనిమిది అణాల మాట ఆశయంగానే మిగిలింది గాని, కూలికి కొత్త కొలత వచ్చింది. మనిషికి కావలసిన కనీసపు తిండి ఎంతో శాస్త్రీయంగా లెక్కగట్టి, ఏడాదికి 20 గజాల బట్ట కలిపి, అంతకు తక్కువ కాకుండా కూలి కట్టాలని ఆ తీర్మానం. మన దేశంలో కనీస వేతన చట్టం 1948లో వచ్చింది. దానికి పదమూడేళ్ల ముందే, ఇంట్లో కూర్చుని పనిచేసే స్త్రీ కూలిని బజారు ధరతో ముడిపెట్టకుండా ఆమె బతుకు అవసరంతో ముడిపెట్టిన తీర్మానం ఇది. మన కార్మిక చరిత్ర పుస్తకాల్లో దీనికి తగిన చోటు దొరకలేదు.

ఆ తీర్మానానికి ఒక లోపం కూడా ఉంది. పెంచిన కూలికి షరతు పెట్టారు. వడికేవాళ్లు ఖద్దరే కట్టాలి, అందుకు కూలిలో కొంత మినహాయించి బట్టగా ఇవ్వాలి. సంఘం దృష్టిలో అది స్వావలంబన. కూలి తీసుకునేవాళ్ల వైపు నుంచి చూస్తే, తమ సొమ్ముతో ఏం కొనాలో ఇంకొకరు నిర్ణయించడం. కూలి ఎంతుండాలో నిర్ణయించిన గదిలోనూ వాళ్లు లేరు, దాన్ని ఎలా ఖర్చు పెట్టాలో నిర్ణయించిన గదిలోనూ లేరు. 1944లో జైలు నుంచి వచ్చాక గాంధీ చరఖా సంఘాన్ని కొత్త దారి పట్టించబోయాడు. కేంద్రం నుంచి కూలి పంచే పద్ధతి మాని, ఊళ్లో వడికేవాళ్లే తమ పనికి యజమానులు కావాలన్నది ఆ ఆలోచన. అది పూర్తిగా సాగకముందే స్వాతంత్ర్యం, విభజన, గాంధీ హత్య ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1935 నాటి పాఠం సగం, 1944 నాటి పాఠం సగం కలిపితేనే నిండుతుంది. న్యాయమైన కూలి ఒక భాగం, ఆ కూలిని నిర్ణయించేచోట కూర్చోవడం రెండో భాగం.

స్వతంత్ర భారతంలో ఈ రెండు భాగాలూ కాగితం మీద మన చేతికి వచ్చాయి. 1946-47లో మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్న టంగుటూరి ప్రకాశం కొత్త బట్టల మిల్లులను ఆపి ఖద్దరుకు తోడ్పడాలని చూసి విమర్శల పాలయ్యాడు. పొందూరులో 1949లో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. 1948 కనీస వేతన చట్టం ఉద్యోగి అంటే ఎవరో చెబుతూ, ఇంకొకరిచ్చిన సరుకుతో తన ఇంట్లోనే పనిచేసేవాళ్లను కూడా చేర్చింది. రాజ్యాంగం 43వ అధికరణం బతకడానికి సరిపడే వేతనం గురించి, పల్లెల్లో కుటీర పరిశ్రమల గురించి ఒకే చోట మాట్లాడింది. 1976లో చేర్చిన 43ఏ అధికరణం పరిశ్రమల నిర్వహణలో కార్మికులకు భాగం ఉండాలంది. పనివాళ్ల చోటు ఇల్లయితే చట్టం ఎలా వర్తిస్తుందని అడిగేవాళ్లకు బీడీ పరిశ్రమే సమాధానం. 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో బీడీలు చుట్టే స్త్రీలను కార్మికులుగా గుర్తించింది. యజమానులు కోర్టుకు పోతే 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. బీడీ చుట్టే గడప పని చోటు అయినప్పుడు నూలు వడికే గడప కాకపోవడానికి చట్టంలో కారణం లేదు.

మరి తేడా ఎక్కడ వచ్చింది? పక్కనే ఉన్న విజయనగరం జిల్లా చూస్తే కొంత అర్థమవుతుంది. నెల్లిమర్ల జ్యూట్ మిల్లు కార్మికుల బతుకు సుఖంగా ఏమీ సాగలేదు. లాకౌట్లు, బకాయిలు, సమ్మెలు అక్కడ మామూలయ్యాయి. 1994 జనవరి 29న ఆందోళనలో ఉన్న కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపితే అయిదుగురు చనిపోయారు. అంత దారుణంలోనూ ఆ కార్మికులకు కొన్ని ఉన్నాయి. మస్టర్ రోల్లో పేరుంది, పీఎఫ్ ఖాతా ఉంది, యూనియన్ ఉంది, అందరూ కలిసి నిలబడటానికి ఒక గేటు ఉంది. బకాయి ఎంతో రూపాయలతో సహా చెప్పగలరు, ఎవరు ఇవ్వాలో పేరు పెట్టి అడగగలరు. పొందూరులో వడికే స్త్రీ తక్కువ కూలి వచ్చిందని ఏ గేటు ముందు నిలబడాలి? మిల్లు కార్మికుడి దుస్థితి ఆమెకు కావాలని ఎవరూ అనరు. అయితే జవాబుదారీ అనేది మంచి మనసు వల్ల వచ్చేది కాదని, పేరున్న పుస్తకం వల్ల, కలిసే చోటు వల్ల, అడగదగిన మనిషి వల్ల వచ్చేదని ఈ పోలిక చెబుతుంది.

ఆ పుస్తకం ఇప్పటికీ మగ్గం పేరునే తెరుచుకుంటోంది. 2019లో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన నేతన్న నేస్తం పథకం కింద ఏడాదికి 24,000 రూపాయలు సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఇచ్చారు. కష్టంలో ఉన్న నేతగాళ్లకు అది నిజమైన ఆసరా. కాని మగ్గం లేని ఇంట్లో ఉన్న రాట్నానికి అందులో చోటు దొరకలేదు. నాలుగో జాతీయ చేనేత గణన, 2019-20 నాటిది, దేశంలో 35.22 లక్షల మంది చేనేత పనివాళ్లున్నారని, అందులో 26.73 లక్షల మంది నేతగాళ్లని, మిగిలిన 8.48 లక్షల మంది అనుబంధ పనులు చేసేవాళ్లని లెక్క చెప్పింది. ఆసు పోసేవాళ్లు, కండెలు చుట్టేవాళ్లు ఈ అనుబంధంలోకి వస్తారు. ఖద్దరు నూలు వడికేవాళ్లు అందులోకీ రాకుండా కేంద్ర ప్రభుత్వపు ఖాదీ కమిషన్ లెక్కల్లో వేరుగా ఉంటారు. ఖాదీ చేతిపనివాళ్లలో 80 శాతానికి పైగా స్త్రీలేనని ఆ కమిషన్ చెబుతుంది. ఇంతమంది స్త్రీలున్న పరిశ్రమలో సాయం చేసే కొలబద్ద మగ్గం అయినప్పుడు, ఆడవాళ్లను వద్దని ఎవరూ ఎక్కడా రాయకుండానే వాళ్లు బయట ఉండిపోతారు.

ఇక కూలి సంగతి. ఖాదీ కమిషన్ ఒక చిలప వడికితే ఇచ్చే కూలిని 2023 ఏప్రిల్‌లో ఏడున్నర రూపాయల నుంచి పదికి, 2024 అక్టోబరులో పన్నెండున్నరకు, 2025 ఏప్రిల్‌లో పదిహేనుకు పెంచింది. శాతాల్లో చూస్తే ఇది పెద్ద పెంపే. అదే ఏడాది మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనికి రోజుకూలి 307 రూపాయలు. ఆ కూలికి సరితూగాలంటే ఇరవై చిలపలు, అంటే దాదాపు ఇరవై కిలోమీటర్ల దారం ఒక్కరోజులో వడకాలి. ఎక్కువ కదుళ్ల అంబర్ చరఖా మీద ఆ సంఖ్యకు దగ్గరగా పోవచ్చేమో గాని ఒంటి కదురు మీద పోలేరు. గంటకు 400 మీటర్లు తీస్తే మంచి చేయి అనుకుంటే, ఎనిమిది గంటలకు మూడు చిలపల పైచిలుకు వస్తుంది. సన్ననూలుకు రేటు ఎక్కువగా ఉంటుందనుకుందాం, మూడింతలే వేసుకుందాం. అప్పటికీ ఉపాధి హామీ కూలిలో సగం కూడా రాదు. అందులో చేప దవడతో దువ్విన గంటలు ఇంకా కలపలేదు. శిక్షణ అవసరం లేని మట్టిపని చేసిన రోజు కన్నా, దేశంలో అతి కొద్దిమందికి వచ్చిన విద్య చూపిన రోజుకు తక్కువ డబ్బు వస్తోంది. కూతుళ్లు రాట్నం దగ్గర కూర్చోవడం లేదని వాపోయేవాళ్లు ముందు ఈ లెక్క చూడాలి.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో మొదటిది పాతదే: వడకడం ఇంటిపని మధ్యలో చేసుకునే పని, నిండు కూలి ఎలా అడుగుతారు? ఖాళీవేళ అన్నది ఆ స్త్రీ రోజును బయటి నుంచి చూసినవాళ్లు పెట్టిన పేరు. వంట, పిల్లలు, నీళ్లు, పశువుల మధ్య దొరికిన గంటలు ఆమెకు విశ్రాంతి కావలసిన గంటలు. పైగా పని విలువ దాన్ని ఎప్పుడు చేశారన్నదాన్ని బట్టి ఉండదు. రాత్రి షిఫ్టు డాక్టరుకు జీతం తగ్గించం కదా. రెండో అభ్యంతరం గట్టిది: 1935లోలాగే ఇప్పుడూ ధర పెరిగితే అమ్మకం పడిపోతుంది, చివరికి నష్టపోయేది వడికేవాళ్లే. మామూలు ఖాదీ విషయంలో ఈ భయానికి ఆధారం ఉంది. పొందూరు బట్ట సంగతి వేరు. దాన్ని కొనేవాళ్లు చవక కోసం కొనడం లేదు. చవక పంచె కావాలంటే మిల్లు పంచె పక్క దుకాణంలోనే ఉంది. ఆ బట్టను ప్రత్యేకం చేసే సన్ననూలు తీసే చేతులు పోతే, అమ్మడానికి ధర ఎంత తగ్గించినా సరుకే ఉండదు. పైగా ప్రభుత్వ సాయం ఎటు పోతుందన్నది కూడా ధరలో భాగమే. 2010లో ఖాదీ మీద ఇచ్చే రిబేటు తీసేసి మార్కెట్ అభివృద్ధి సాయం తెచ్చినప్పుడు, ఆ సాయంలో నాలుగో వంతు చేతిపనివాళ్లకు కేటాయించారు, తర్వాత ఆ వాటాను 40 శాతానికి పెంచారు. కొనేవాడి ధర కదలకుండానే చేసేవాళ్ల వాటా కదిలింది. కాబట్టి ధర, కూలి ఒకదాన్నొకటి చంపుకోక తప్పదన్న మాట పూర్తి నిజం కాదు.

మూడో అభ్యంతరం ఆచారం పేరుతో వస్తుంది. ఆడవాళ్లు వడకడం, మగవాళ్లు నేయడం కులవృత్తిలో తరతరాలుగా ఉన్న పొందిక, దాన్ని వివక్ష అనడం తగదంటారు. పని పంచుకోవడం వివక్ష కాదు, నిజమే. ఒక పంపకంలో ఒకవైపు పని ఎప్పుడూ పుస్తకంలోకి ఎక్కి, రెండోవైపు పని ఎప్పుడూ అనుబంధంగా మిగిలిపోతే, ఆ పంపకాన్ని మళ్లీ చూడాలి. ఇక్కడ మన చట్టానికి ఒక పరిమితి ఉంది. 1976 సమాన వేతన చట్టం ఒకే పనికి, లేదా అలాంటి పనికి ఆడా మగా తేడా చూపొద్దంది. వడకడం, నేయడం ఒకే పని కాదు గనుక ఆ చట్టం పొందూరు గడప దగ్గర ఆగిపోయింది. 1951 అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం సమాన విలువ గల పనికి సమాన వేతనం అంది, భారతదేశం 1958లోనే దాన్ని ఆమోదించింది. విలువ అన్న కొలత పెట్టుకుంటే పోలిక సాధ్యమవుతుంది. నేర్చుకోవడానికి ఎన్నేళ్లు పడుతుంది, కళ్లకూ వేళ్లకూ ఎంత శ్రమ, బట్ట నాణ్యంలో ఎంత వాటా అని అడగవచ్చు. ఆ పరీక్షలో సన్ననూలు ఏ పనికీ తీసిపోదు.

నేతగాళ్లే అప్పుల్లో ఉన్నప్పుడు వాళ్ల వాటా లాగి వడికేవాళ్లకు ఇమ్మంటారా అన్నది చివరి ప్రశ్న. ఈ వ్యాసం అలా అనడం లేదు. ఇద్దరు పేదల మధ్య తగువు పెట్టడం వల్ల లాభపడేది మూడోవాడే. నేతగాడి హక్కులు అర్జీలతో, సంఘాలతో, సమ్మెలతో రెండు వందల ఏళ్లుగా సంపాదించుకున్నవి. వడికేవాళ్లకు అదే దారి తెరవాలన్నది అడిగే సంగతి. అందుకు కావలసినవి కొత్తవేమీ కావు. వడికే ప్రతి మనిషికీ నేతగాడితో సమానంగా గుర్తింపు కార్డు ఇవ్వాలి, మగ్గానికి వచ్చే సాయం రాట్నానికీ రావాలి. పత్తి దువ్వడం నుంచి ఏకుల దాకా పట్టే సమయాన్ని ఒకసారి నిజాయితీగా కొలిచి చిలప రేటులో విడిగా చూపాలి. ఖాదీ సంస్థలు ఏ పద్ధతిలో నమోదైనా, వాటి పాలకవర్గాల్లో వడికే స్త్రీలు తామే ఎన్నుకున్న ప్రతినిధులు ఉండాలి. అమ్మిన బట్ట ధరలో పత్తికెంత, నూలుకెంత, నేతకెంత, దుకాణానికెంత పోయిందో దుకాణం గోడ మీదే రాసి పెట్టాలి. కొనేవాడికి అది ఇబ్బంది కలిగిస్తే, ఆ ఇబ్బంది అవసరమైనదే.

1935లో వార్ధాలో కూర్చున్నవాళ్లు ఒక సూత్రం ఒప్పుకున్నారు: పేదవాడి పనికి ధర కట్టేటప్పుడు బజారు చివరి మాట కాకూడదు. దాన్ని అమలు చేయాల్సిన సంస్థలు ఇప్పుడున్నాయి, చట్టాలున్నాయి, బడ్జెట్లున్నాయి. పొందూరు పేరుతో బట్ట అమ్మే ప్రతి సంస్థా, దాన్ని మన గర్వంగా చెప్పుకునే ప్రతి ప్రభుత్వమూ ఆ సూత్రానికి బాకీ ఉన్నాయి. బాకీ వసూలు చేసుకోవాల్సినవాళ్ల పేర్లు పుస్తకంలో రాయడంతోనే చెల్లింపు మొదలుకావాలి.